చప్పుడు లేని బండి

పోయిన వారం మార్కాపురంలో మందుల దుకాణం ముందు నిలబడి ఉండగా వెనక నుంచి ఒక బ్యాటరీ బండి వచ్చి నా మోచేతికి రాసుకుంటూ పోయింది. హారన్ లేదు, ఇంజను లేదు, ఉలుకూ లేదు పలుకూ లేదు. నడిపేవాడు వెనక్కి తిరిగి "చూసుకోవద్దా పెద్దాయనా" అన్నాడు, తప్పు నాదన్నట్టు. తిట్టడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఈ మధ్య తిట్టడానికి కూడా ఓపిక ఉండడం లేదు. అది పోయిన వైపే చూస్తూ ఉంటే మా ఎదురింటి మామ గుర్తొచ్చాడు. ఆయన పోయి ఏడాది దాటింది. మా ఊళ్లో మొదటి బ్యాటరీ బండి ఆయనదే. దాన్ని ఆయన కొన్నది గిద్దలూరు సంతకు పోవడానికి కాదు, వేటకు.

మామ అంటే నాకొక్కడికే కాదు, ఊరందరికీ మామే. మాది రాచర్ల నుంచి కొండల వైపు పోతే వచ్చే ఊరు. మా ఆఖరి చేను గట్టు దాటితే నల్లమల. నేను పశువుల ఆసుపత్రిలో సహాయకుణ్ణి. బర్రెకు జబ్బు చేసినప్పుడు నన్ను డాక్టరని పిలుస్తారు, నయమయ్యాక కాంపౌండరంటారు. ఆ రెండూ కాకుండా నన్ను ఎప్పుడూ ఒకే మాటతో, అల్లుడా అని పిలిచింది ఆయనొక్కడే.

ఆయన గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. చిన్నప్పటి నుంచి వేటకు పోయి పోయి గొంతు తగ్గించడం అలవాటైపోయింది. ఇంట్లో గుసగుస, వీధిలో గుసగుస, గొర్రెల బేరంలోనూ గుసగుసే. సంతలో ఆయన ధర చెబుతుంటే ఏదో రహస్యం అనుకొని చుట్టుపక్కలవాళ్లు దగ్గరికి జరిగేవాళ్లు. తలుపు మూసినా, చెంబు కింద పెట్టినా చప్పుడు అయ్యేది కాదు. నవ్వు కూడా అంతే. భుజాలు కదిలేవి, కళ్లలో నీళ్లు వచ్చేవి, శబ్దం మాత్రం ఉండదు.

అత్త దానికి సరిగ్గా ఎదురు. ఆమె కోడిని అదిలిస్తే మూడు వీధుల్లో కోళ్లు బెదిరేవి. "ఈయనతో కాపురం చేసి చేసి నా గొంతు ఇంత అయింది నాయనా. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాల గదా" అనేది. వాళ్ల పోట్లాటలు చూసి తీరవలసిందే. ఆయన గుసగుసగా తిడతాడు. ఆమె "ఏందీ?" అంటుంది. ఆయన మళ్లీ మొదటి నుంచి తిట్టాలి. రెండోసారి తిట్టేసరికి కోపం సగం చల్లారిపోయేది.

నాకు ఆయనతో పరిచయం పెరిగింది కుక్కల వల్ల. పొద్దున్నే మా గడప ముందు నిలబడేవాడు. భుజం మీద గొంగడి, గొంగట్లో కుక్క, కుక్క కడుపు చీలిపోయి ఉండేది.

"ఏమైంది మామా?"

"బర్రె పొడిచినాది."

"మన ఊరి బర్రెలకు కోరలు ఎప్పటి నుంచి మొలిచినాయి మామా?"

"నువ్వు కుట్లు వెయ్ అల్లుడా. బర్రె సంగతి బర్రె చూసుకుంటాది."

ఎన్నిసార్లు కుట్లు వేశానో, అన్నిసార్లూ ఈ మాటలే. సాయంత్రానికి మా అరుగు మీద మోదుగాకుల పొట్లం ఒకటి ఉండేది. ఎవరు పెట్టారని నేను అడిగేవాణ్ణి కాదు, ఆయన చెప్పేవాడు కాదు. అడవిపందిని కొడితే కేసు అని ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఫారెస్టోళ్లకు అందరికంటే బాగా తెలుసు. నేనేమీ ఆయన్ను వెనకేసుకు రావడం లేదు. ఆయన ఎట్లాంటివాడో అట్లా చెబుతున్నాను, అంతే.

ఆయన వేట ఒకే తీరు. రాత్రంతా పొలాల్లో మేసిన పందులు బాగా తెల్లారకముందే రెండు గుట్టల మధ్య సందులోంచి కొండకు ఎక్కిపోతాయి. ఆ సందులో బల్లెం పట్టుకొని, కుక్కను పక్కన కూర్చోబెట్టుకొని కాచుకోవడం. దొరికేది తక్కువ, ఉత్త చేతులతో తిరిగి రావడమే ఎక్కువ. అయినా ఒక్క రోజు మానేవాడు కాదు. వయసులో ఉండగా నడిచి పోయేవాడు. మోకాళ్లు అరిగాక పాత పెట్రోలు బండి ఎక్కాడు. దాని సైలెన్సరు ఏనాడో చిల్లు పడింది. ఆ బండి స్టార్ట్ అయిందంటే పసిపిల్లలు లేచి ఏడ్చేవాళ్లు. గుసగుసల మనిషికి అట్లాంటి బండి దొరకడం చూసి ఊరంతా నవ్వుకునేది. గిద్దలూరులో మెకానిక్కు, ఖాదర్ అనే పెద్దాయన, దాన్ని చుట్టూ తిరిగి చూసి "ఇది బండి కాదు మామూ, బ్యాండు మేళం. ఇంజనే అరిగిపోయింది, చిల్లు పూడిస్తే ఏమొస్తుంది" అని పంపేశాడట.

పందులు ఆ చప్పుడు విని వేరే దారి పట్టేవి. "బండి ఊరు దాటక ముందే అవి కొండెక్కి కూసుంటాండాయి అల్లుడా. నేను పోయి రాళ్లకు కాపలా కాసి వస్తాండా" అనేవాడు. సందుకు అంత దూరంలో బండి ఆపి నడుద్దామంటే మోకాళ్లు ఒప్పుకోవు. ఇట్లా కొన్నేళ్లు రాళ్లకు కాపలా కాశాడు.

ఈలోగా మా పొలాల్లోకి తీగలు వచ్చాయి. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు పందుల మంద పడిందంటే, తెల్లారేసరికి చేను దున్నినట్టు ఉంటుంది. డప్పులు కొట్టారు, పాత చీరలు కట్టారు, టపాకాయలు కాల్చారు. పందులు నాలుగు రోజులు బెదిరాయి, అయిదో రోజు అలవాటుపడ్డాయి. చివరికి ఒకణ్ణి చూసి ఒకడు గట్ల మీద పుల్లలు నాటి, సన్నని ఇనుప తీగ లాగి, కరెంటు లైనుకు కొక్కెం తగిలించడం మొదలుపెట్టారు. నేను కరెంటాఫీసులో చెప్పాను. పంచాయతీలో చెప్పాను. తీగకు తగిలి చచ్చిన బర్రెలకు కాగితాలు రాసి రాసి చేతులు నొప్పి పుట్టాయి. అందరూ తల ఊపుతారు, చీకటి పడగానే తీగ లాగుతారు.

దానికి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తీగ పెట్టినవాడు మంచె మీదే పడుకోవాలి. మనుషులు పొలాలకు బయలుదేరే లోపల ఎండు కర్రతో కొక్కెం తీసి, తీగ చుట్టేయాలి. మా ఊరి ఆడవాళ్లు కలుపుకు పోవాలన్నా, గొర్రెలవాళ్లు మంద తోలాలన్నా ఆ గట్ల మీదుగానే నడవాలి. మంచె మీదవాడు ఒక్క పొద్దు ఆదమరిచి నిద్రపోయాడంటే గట్టు మీద మొదట అడుగు పెట్టిన మనిషి తిరిగి రాడు. ఇంత మందిమి ఒకడి మెలకువ మీద బతుకుతున్నామే అని నాకు గుబులుగా ఉండేది. చెప్పి చెప్పి విసిగిపోయి, చెప్పడం మానేశాను.

ఆ రోజుల్లోనే మామ మార్కాపురంలో కూతురి ఇంటికి పోయి, ఆమె మొగుడి చేత బేరం చేయించి, సెకండ్ హ్యాండు బ్యాటరీ బండి ఒకటి తెచ్చాడు. మా వీధిలోకి ఎప్పుడొచ్చాడో ఎవరికీ తెలియదు. నేను అరుగు మీద పళ్లు తోముకుంటూ తల తిప్పేసరికి పక్కన ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"చూసినావా అల్లుడా. ఇది నా మాదిరే మాట్లాడుతాది."

ఆ తర్వాత నెల రోజులూ ఆయనకు మోకాళ్లు లేవు, వయసు లేదు. బండికి మెరిసే చోటల్లా మసి పూశాడు. లైట్లకు గుడ్డ చుట్టాడు. సీటుకు గొంగడి కుట్టించాడు. పాత బండిని చూస్తే పారిపోయే కుక్క దీని ఫుట్‌బోర్డు మీదికి తనే ఎక్కి, ముందు కాళ్లు చాపుకొని కూర్చునేది. వేకువన పెళ్లివారిలా ఇద్దరూ బయలుదేరేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత నా దగ్గరికి కుట్లకు కుక్క వచ్చింది. బర్రె పొడిచింది అని చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

ఒక రోజు నన్ను కూడా వెనక ఎక్కించుకున్నాడు. అప్పుడే తూరుపు తెల్లబడుతోంది. రెండు వైపులా మొక్కజొన్న, మధ్యలో దారి. మంచెల మీద మనుషులు ముసుగు తన్ని పడుకొని ఉన్నారు. ఎవరూ కదల్లేదు. కౌజు పిట్టలు దారి మధ్యలో మేస్తూ, చక్రం ఆనేదాకా లేవలేదు. సందు దగ్గర ఆపి, వెనక్కి తిరిగి, "విన్నావా?" అన్నాడు.

"నాకేమీ వినపడలేదు మామా."

"అదే" అన్నాడు.

అంత సంతోషం ఆయన ముఖంలో నేను మళ్లీ చూడలేదు. ఆ పొద్దు పందులు వచ్చాయా లేదా నాకిప్పుడు గుర్తు లేదు. ఆ ఒక్క మాట గుర్తుంది.

తర్వాత కొద్ది రోజులకే, పొద్దున్నే నాకు ఫోన్ వచ్చింది. గొర్రెలు చచ్చాయి, రమ్మన్నారు. నేను పోయేసరికి గట్టు మీద, గట్టు కింద గొర్రెలు పడి ఉన్నాయి. ముందు నడిచిన పొట్టేలు తీగ మీదే ఉండిపోయింది. గొర్రెల కాపరి దారిలో కూలబడి తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. పొట్టేలును లాగబోయి, పక్కవాడు నడుం పట్టి వెనక్కి గుంజితే బతికాడు. కరెంటు తీసేశారని నాకు పదిసార్లు చెప్పినా గట్టు మీద కాలు పెట్టడానికి మనసు రాలేదు.

ఆ చేను కౌలుకు చేసేవాడు మంచె దిగి నిలబడి ఉన్నాడు. దుప్పటి ఇంకా భుజం మీదే ఉంది. జనం వాణ్ణి చుట్టుముట్టి తిడుతున్నారు. కొండ నుంచి తిరిగి వస్తూ మామ కూడా అక్కడ ఆగాడు. ఆయన వచ్చినట్టు ఎవరూ గమనించలేదు.

"మనిషి సచ్చిపోయేటోడు గదరా! తెల్లారింది కనపడలా నీకు?" అని అరిచాను నేను.

"మెలకువ రాలేదు సారూ" అన్నాడు వాడు. ఏడుస్తున్నాడు. "మామ బండి సప్పుడుకే లేస్తాం సారూ మేమంతా. అది ఊరు దాటిందంటే కొక్కేలు తీసేస్తాం. ఇన్నేండ్లూ అట్లనే జరిగినాది. ఇప్పుడా సప్పుడు లేదు. ఏదో ఒక టయానికి మెలకువొస్తే తీస్తాండాం, ఈ పొద్దు నాకు రాలా."

"సెల్లులో అలారం పెట్టుకోలేవా?"

"పెట్టుకున్నా సారూ. అది మోగుతాది, నొక్కి మళ్లీ పండుకుంటాం. మామ బండిని నొక్కలేం గదా."

ఇంకో సమయంలో అయితే నవ్వు వచ్చేది. ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు తిప్పి మామను చూశారు. ఆయన కాపరి చేతుల వంక చూశాడు, తన బండి వంక చూశాడు. కౌలుదారు దగ్గరికి పోయి, చెవిలో చెప్పినట్టు ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. తర్వాత కౌలుదారును అడిగితే చెప్పాడు. "ముందే ఒక మాట చెప్పొచ్చు గదరా నాయనా, కొనకపోదును" అన్నాడట.

బ్యాటరీలో చార్జింగు ఉంది. అయినా ఎక్కలేదు. ఊరిదాకా తోసుకుంటూ నడిచాడు. కుక్క మాత్రం ఫుట్‌బోర్డు దిగలేదు.

మర్నాడు వేకువన, మూలన పడేసిన పాత పెట్రోలు బండి చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. కిటికీలోంచి చూస్తే, ఆయన బండి మీద ఉన్నాడు, వెనక నుంచి అత్త తోస్తోంది. కిక్కు కొట్టడానికి మోకాలు రాదు కదా. వీధి మలుపు దాకా తోస్తే అది దగ్గి, ఉమ్మి, అంటుకుంది. ఆయన చేతిలో బల్లెం లేదు. పక్కన కుక్క లేదు. సందు దాకా పోవడం, బండి తిప్పుకొని రావడం. ఆ రోజు నుంచి అదే ఆయన పని. ఎండాకాలం, వానాకాలం, ఒళ్లు కాలిపోయే జ్వరం. అత్త తోయాలి, ఆయన పోవాలి.

గొర్రెలు చచ్చాక నెల రోజులు ఊళ్లో తీగలు లేవు. మా ఊరి బుద్ధికి ఆయుష్షు నెల. మళ్లీ పంది పడింది, మళ్లీ తీగలు లేచాయి. "తీగలు తీసేయమని వాళ్లకు నువ్వయినా చెప్పు మామా, నీ మాట వింటారు" అన్నాను ఒకసారి.

"వాళ్ల చేను పంది తింటాది, పందిని నేను తింటి. చెప్పేదానికి నాకు నోరేడిది?"

ఆయన అలిసిపోయాడు. అది చూస్తూ ఉండడమే నాకు కష్టంగా ఉండేది. తిరిగొచ్చి అరుగు మీద కూర్చొని, మోకాలు రెండు చేతులతో పట్టుకునేవాడు. వేట లేదు, సరదా లేదు. మనుషుల్ని లేపడానికి ఒక ముసలాయన రోజూ చీకట్లో లేవాలి. ఆ బ్యాటరీ బండి వసారాలో ఉండేది. కుక్క దాని ఫుట్‌బోర్డు మీదే పడుకునేది. ఆఖరి ఏడాది ఆయనకు చెవుడు వచ్చింది, ఆ బండి రొదకేనేమో. అప్పుడూ గుసగుసే. తన మాట తనకే వినపడేది కాదు.

"ఒక్క పొద్దు మానితే ఏం మామా? వాళ్లే లేస్తారులే" అన్నాను, వాన పడుతున్న ఒక రోజు. నేను చెవిలో అరిస్తే, ఆయన నా చెవిలో గుసగుసలాడాడు.

"ఏ పొద్దు మానాల్నో నువ్వే చెప్పు అల్లుడా."

వాన తగ్గేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను.

ఆయన నిద్రలోనే పోయాడు. ఆ వేకువన మా తలుపు ఎవరో చిన్నగా తట్టారు. తీస్తే అత్త. ఆమె చిన్నగా తట్టగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"నాయనా, మీ మామ పోయినాడు" అంది. గుసగుసగా అంది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ల ఇంటి వైపు అడుగు వేశాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"ఇంట్లోకి రావద్దు. బండి తీ. టయమైంది."

"అత్తా..."

"నేనిప్పుడు ఏడిస్తే, నా గొంతు సంగతి నీకు తెలుసు గదా. కొట్టాల్లో, మంచెల కాడ ఉండేటోళ్లంతా గట్లకు అడ్డం పడి పరిగెత్తుకొస్తారు. తీగలుండాయి. నువ్వు పోయి రా. వచ్చేదాకా నేను ఏడవను."

నేను పాత బండి ఎక్కాను. ఆమె వెనక నుంచి తోసింది. ఆమె ఊపిరి నా వీపుకు తగులుతోంది. మలుపులో బండి అంటుకుంది.

మొదటి మంచె దగ్గర ఒకడు ముసుగు తీసి దిగాడు. తర్వాత ఇంకొకడు. నేను ముందుకు పోయేకొద్దీ రెండు వైపులా మనుషులు కర్రలు పట్టుకొని లైను వైపు నడుస్తున్నారు, కొక్కేలు తీస్తున్నారు, తీగలు చుడుతున్నారు. రోజూ ఇది ఇట్లా జరుగుతుందని నాకు తెలుసు. కళ్లతో చూడడం అదే మొదలు. మసక వెలుతురులో ఎవరు నడుపుతున్నారో వాళ్లకు తెలియడం లేదు. కౌలుదారు చెయ్యెత్తి, "ఏంది మామా, ఈ పొద్దు ఆలస్యమైనావే!" అని అరిచాడు. నేనూ చెయ్యెత్తాను. సందు దాకా పోయి, బండి తిప్పుకొని, ఏడుపు ఆపుకుంటూనే వెనక్కి వచ్చాను.

అత్త వాకిట్లో గుంజ పట్టుకొని నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. నేను బండి ఆపాను. ఆమె కొంగు తీసింది.

"అందరూ తీసినారా?"

"తీసినారు అత్తా."

అప్పుడు ఏడ్చింది. ఆ గొంతు విని పొలాల్లోంచి మనుషులు గట్లకు అడ్డం పడి పరిగెత్తుకుంటూ వచ్చారు.